మా తోడికోడలి కడుపుమంట

మా తోడికోడలికి కళ్ళు కుట్టాయి. ఈ మాట తన ముందే అన్నాను కాబట్టి ఇక్కడ రాయడానికి నాకేం మొహమాటం లేదు. ఎవరి డబ్బో చూసి కుట్టాయంటే అర్థం చేసుకోవచ్చు. మడత బల్ల దగ్గర నలుగురు ఆడవాళ్ళు నవ్వుకుంటుంటే చూసి కుట్టాయి.

మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటాం, ఒకే లాండ్రీలో పనిచేస్తాం. హోటళ్ళ నుంచీ ఆసుపత్రుల నుంచీ దుప్పట్లూ తువ్వాళ్ళూ మూటలు మూటలుగా వస్తాయి. ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి పంపిస్తాం. నేను మడతల గదిలోనే ఓ మూల కుట్టుమిషను ముందు కూర్చుని చిరుగులు కుడతాను. తను నాకంటే చాలా ముందు చేరింది, నాకీ పని ఇప్పించింది కూడా తనే. అప్పట్లో మడత బల్ల దగ్గర ఉండేది. పెద్ద దుప్పటి మడతపెట్టడం ఒక్కరి వల్ల కాదు. ఇద్దరు చెరో కొసా పట్టుకుని, దులిపి, ఎదురెదురుగా నడిచొచ్చి కొసలు కలపాలి. అటు కొస మేమంతా పొడుగమ్మ అని పిలిచే ఆవిడది, ఇటు కొస మా అక్కది. తోడికోడల్ని నేను అక్కా అనే పిలుస్తాను, ఒళ్ళు మండినప్పుడు కూడా.

ఆ రోజుల్లో టీవీలో ఒక గొడుగుల కంపెనీ ఆఫీసు కామెడీ వచ్చేది. దాని పేరు ఇంకేదో ఉంది గానీ మా ఇంట్లో గొడుగుల సీరియల్ అనే అంటాం. అందులో ఒక మేనేజరు. అతనికి అద్దాల గది ఉంది, బల్ల మీద నిండుగా నీళ్ళ సీసా ఉంది. అయినా ఖాళీ గ్లాసు పట్టుకుని మాటిమాటికీ బయటికొస్తాడు. గుమాస్తాల మధ్య నిలబడి ఓ జోకు వేస్తాడు. వాళ్ళు ఎవరి కాగితాలు వాళ్ళు చూసుకుంటారు. అతను గ్లాసు నింపుకోకుండానే వెనక్కి పోతాడు. అది చూసి మా అక్క కడుపుబ్బా నవ్వేది. మర్నాడు పొద్దున్నే బల్ల దగ్గర తనే మేనేజరు. తువ్వాలు టైలా మెడకు చుట్టుకుని, ఖాళీ సబ్బుడబ్బా గ్లాసులా పట్టుకుని వచ్చేది. "చాలు ఆపవే తల్లీ, నవ్వలేక చస్తున్నా!" అంటూ పొడుగమ్మ దుప్పటి మీదే కూలబడేది.

తర్వాత అక్కని సూపర్‌వైజరు చేశారు. అందరికంటే ఎక్కువ సంతోషించింది పొడుగమ్మే. మడతల గది పక్కనే చిన్న గది, దానికో అద్దం కిటికీ, తిరిగే కుర్చీ ఇచ్చారు. ఆ కుర్చీ గురించి మా ఇంట్లో విన్నన్ని కబుర్లు ఏ పసిపిల్ల గురించీ వినలేదు.

ఇప్పుడా సీరియల్ మళ్ళీ మొదట్నుంచి వేస్తున్నారు. చూసిందే చూడటంలో ఓ సుఖం ఉంది. ఏం జరుగుతుందో తెలుసు కాబట్టి జోకు పడకముందే నవ్వేయొచ్చు. నేను అలాగే నవ్వాను. అక్క నవ్వలేదు.

"ఆ గుమాస్తా పిల్లకి ఎంత పొగరో చూశావా?" అంది.

"నీకిష్టమైన పిల్లే కదక్కా ఆమె!"

"అప్పుడు తెలియలేదు. పెద్దాయన వచ్చి నిలబడితే తలెత్తి చూడదేం? పైవాళ్ళ చేత చివాట్లు తినేది అతను. ఇకఇకలూ పకపకలూ వీళ్ళవి. ఇంతసేపు నవ్వుతూ కూర్చుంటే గొడుగులెవరమ్ముతారు? ఒక్క గొడుగైనా అమ్మినట్టు చూపించారా?"

"కామెడీ అక్కా."

"నాకేం కామెడీలా లేదు."

ఒక భాగంలో గుమాస్తాలందరూ మేనేజరుకి చెప్పకుండా సినిమాకి వెళ్ళిపోతారు. మొదటిసారి చూసినప్పుడు "తిక్క కుదిరింది!" అని చప్పట్లు కొట్టిన మనిషి, ఈసారి దిండు ఒళ్ళోకి లాక్కుని, "ఒక టికెట్టు ఎక్కువ తీసుకుంటే వీళ్ళ సొమ్మేం పోయింది?" అంది. అన్నం తింటున్న మా బావగారు తలెత్తి, "వాడొస్తే పడీపడీ నవ్వేదానివిగా" అన్నారు. ఎప్పుడు నోరు మూసుకోవాలో ఆయనకి ఈ జన్మకి తెలియదు. అక్క చూసిన చూపుకి ముద్ద గొంతులో అడ్డం పడి పొలమారింది.

అసలు కథ లాండ్రీలో ఉంది. మడత బల్ల దగ్గర అక్క పట్టుకునే కొస ఇప్పుడొక పిల్ల పట్టుకుంటోంది. నోరు ఆగదు కాబట్టి అందరం వసపిట్ట అంటాం. ఆ పిల్ల కూడా రోజూ సీరియల్ చూసి, పొద్దున్నే వచ్చి చేసి చూపిస్తోంది. పొడుగమ్మ మళ్ళీ కళ్ళు తుడుచుకుంటోంది. అద్దంలోంచి అక్కకి నవ్వే నోళ్ళు కనిపిస్తాయి గానీ మాటలు వినపడవు. అలాంటప్పుడు ఎవరికైనా తన గురించేనేమో అనిపిస్తుంది. బయటికొస్తుంది. సబ్బు అయిపోయిందా అంటుంది. లేదండీ అంటారు. నోళ్ళు మూతపడతాయి, చేతులు గబగబా ఆడతాయి. కాసేపు నిలబడి, సరిగ్గా ఉన్న మడతనే సరిచేసి, వెళ్ళిపోతుంది. తలుపు పడగానే మళ్ళీ నవ్వులు.

ఆ నవ్వులు నిజంగా అక్క గురించే. మూలన కూర్చుని నేను చూస్తూనే ఉన్నాను. వసపిట్ట మేనేజర్ని ఎప్పుడో వదిలేసి మా అక్కని పట్టుకుంది. ఈ సంగతి ఇంట్లో ఎత్తలేదు. ఇద్దరం ఒక పొయ్యి మీద వండుకోవాలి కదా.

ఒక సాయంత్రం వంటింట్లో గిన్నెలు తుడుస్తూ అక్క ఉన్నట్టుండి అడిగింది. "పొడుగమ్మ నాతో ఉన్నప్పుడు కూడా ఇలాగే నవ్వేదా?"

"ఇలాగే నవ్వేది."

"ఇంత గట్టిగానా?"

"అక్కా, నీకు కుళ్ళు."

"నాకా? ఆ వాగుడుకాయని చూసి నాకు కుళ్ళా?" గిన్నె ఠంగుమని పెట్టింది. "నాకు గది ఉంది. కుర్చీ ఉంది. దానికేముందే?"

"పొడుగమ్మ ఉంది" అన్నాను. నా నోరూ తక్కువదేం కాదు.

మర్నాడే వసపిట్టని ఉతుకు మిషన్ల గదికి మార్చేసింది. అక్కడ మనుషులు చాలట్లేదట. ఆ మోతకి చెవులు చిల్లులు పడతాయి, పక్కన నిలబడి అరిచినా వినపడదు. వెళ్తూ వెళ్తూ ఆ పిల్ల నా దగ్గర ఆగి "నేనేం చేశానక్కా?" అంది. ఏం చెప్పను? మా ఇంటి మనిషి చేసిన పనికి నేను తల దించుకుని సూదిలో దారం ఎక్కించుకుంటూ కూర్చోవాల్సొచ్చింది. ఆ కోపం నాకింకా పోలేదు.

బల్ల దగ్గర సందడి అణిగిపోయింది. అక్క ముఖం వెలిగిపోయింది గానీ ఆ వెలుగు ఒక పూటే. నోరు మూసుకుని మడతలు పెట్టే మనుషుల్ని అద్దంలోంచి ఎంతసేపని చూస్తుంది? ఇంటికొచ్చాక పడగ్గదిలో దూరి తలుపేసుకోవడం మొదలుపెట్టింది. బావగారు మెల్లిగా నా దగ్గరికొచ్చి, "మీ అక్క గ్లాసు పట్టుకుని అద్దం ముందు అటూ ఇటూ నడుస్తోందమ్మా, డాక్టరుకి చూపిద్దామా?" అన్నారు.

డాక్టరు అవసరం పడలేదు. ఒక ఉదయం అక్క మెడకు తువ్వాలు చుట్టుకుని, చేత్తో ఖాళీ సబ్బుడబ్బా పట్టుకుని తన గదిలోంచి బయటికొచ్చింది. డబ్బా బల్ల మీద పెట్టి, "ఒకళ్ళు తక్కువయ్యారుగా, ఈ కొస నేను పట్టుకుంటా" అంది. పట్టుకుని, కనుబొమ్మ ఎగరేసి, మేనేజరు గొంతుతో జోకు వేసింది. నిజం చెప్పొద్దూ, బాగా చేసింది. పాత రోజుల్లో ఎలా చేసేదో అలాగే చేసింది. నాకైతే నవ్వాగలేదు.

బల్ల దగ్గర వాళ్ళూ నవ్వారు. అందరూ ఒకేసారి మొదలుపెట్టి, ఒకేసారి ఆపారు. ఆపి, ఇంకా ఉందా అన్నట్టు తన ముఖంలోకి చూశారు.

"బాగా చేశారు మేడం" అంది పొడుగమ్మ. దగ్గరికొచ్చి అక్క చేతిలోంచి దుప్పటి కొస తీసుకుంది. "మీకెందుకండీ ఈ శ్రమంతా. మేం చూసుకుంటాం."

అందులో వెటకారం ఉందేమోనని చెవులు రిక్కించి విన్నాను. ఇసుమంత కూడా లేదు. అంతా మర్యాదే. అక్క ఖాళీ చేతులతో కాసేపు నిలబడింది. మెడలో తువ్వాలు తీసి, మడతపెట్టి, మిగతా తువ్వాళ్ళ మీద పెట్టి లోపలికి పోయింది.

ఆ సాయంత్రం టీవీ పెట్టలేదు. వచ్చి నా పక్కన కూర్చుంది.

"నేను లోపలికి వెళ్ళాక నవ్వారా?"

"లేదక్కా."

"ఒక్కళ్ళు కూడా?"

"లేదు."

ఊరట పడుతుందనుకున్నాను. ముఖం ఇంకా చిన్నబోయింది. "ఇదివరకు తలుపేయగానే నవ్వేవాళ్ళు కదా. నా గురించేగా?"

ఇంక దాచి లాభం లేదు. "నీ గురించే."

"ఆ పిల్ల ఎలా చేసేది? చూపించు."

"ఎందుకులే అక్కా."

"చూపించవే!"

లేచాను. తలుపు సందులోంచి ముందు ముక్కు, తర్వాత మనిషి. చేతులు వెనక్కి కట్టుకుని బల్ల చుట్టూ ఓ చుట్టు. అందరి ముఖాలూ వరసగా చూసుకుంటూ "సబ్బు అయిపోయిందా?" ఎవరూ కదిలించకపోతే, బాగున్న మడతని విప్పి, మళ్ళీ అలాగే పెట్టడం. ఆ తర్వాత కాళ్ళు ఈడ్చుకుంటూ, వెనక్కి తిరిగి చూసుకుంటూ, వెళ్ళలేక వెళ్ళడం. వసపిట్ట ఎలా చేసేదో అలాగే అంతా చేసి చూపించాను.

అక్క కళ్ళార్పకుండా చూసింది.

"దీనికి పొడుగమ్మ బాగా నవ్వేదా?"

"కళ్ళంట నీళ్ళొచ్చేలా నవ్వేది."

పక్కనున్న దిండు ఒళ్ళోకి లాక్కుంది. చివరికి, "ఆ పిల్లని రేపట్నుంచి బల్ల దగ్గరికి వచ్చెయ్యమను. నువ్వే చెప్పు, నేను చెప్పను" అంది. లేచి గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"నడక అది కాదే" అంది. "నేనైతే ఇంకా బాగా చేసేదాన్ని."