మానిన గాయానికి కట్టు

ఆసుపత్రి డ్రెస్సింగ్ గదిలో పాతికేళ్లుగా కట్లు కడుతున్న ఆ నర్సుకు తోటివాళ్లు పెట్టిన పేరు ఆరా సిస్టర్. ఏదీ ఊరికే వదిలే మనిషి కాదు మరి. వేలు తెగి వచ్చినవాణ్ణి ఏ కత్తితో తెగింది, ఏం కోస్తుంటే తెగింది, పక్కన ఎవరున్నారు అని అడుగుతూనే మందు రాసేస్తుంది. ఈవిడ ఆరాలు తట్టుకోలేకే గాయాలు త్వరగా మానుతున్నాయని కాంపౌండర్ వేళాకోళం చేసేవాడు. అడిగితే నా నోటి ముత్యాలేం రాలిపోవుగా అనేది ఆవిడ.

ఒక సోమవారం పొద్దున ముప్పై ఏళ్ల మనిషి కనుబొమ మీద నాలుగు కుట్లతో వచ్చింది. వెంట భర్త. బాత్రూంలో జారిపడిందని ఆయనే చెప్పాడు. పేరు అడిగితే ఆయనే చెప్పాడు. నొప్పిగా ఉందా అని అడిగితే, "అబ్బే, పెద్దగా లేదండీ" అని అదీ ఆయనే చెప్పాడు! ఆ పెద్దమనిషికి ఎంత మర్యాదో, ఎంత మెత్తని మాటో. సిస్టర్ చూపు మాత్రం భార్య మోచేతికి పైన, లోపలివైపుకు పోయింది. అక్కడ వరుసగా నాలుగు నల్లటి మచ్చలు, వేళ్లు ఆనినట్టు. బాత్రూంకి వేళ్లెక్కడివి? అడగాలని ఆవిడ నాలుక దురద పెట్టింది. అయినా పళ్ల బిగువున ఆపుకుంది.

ఆపుకోవడానికి కారణం ఉంది. రెండేళ్ల క్రితం ఇలాగే మణికట్టు దగ్గర చీరుకుపోయి ఒకామె వచ్చింది. గుచ్చి గుచ్చి అడిగి నిజం రాబట్టి, ఎర్ర సిరాతో ఓపీ చీటీ మీద 'భర్త కొట్టాడు' అని రాసింది సిస్టర్. మంచి పని చేశాననే అనుకుంది. ఆ చీటీ పట్టుకుని మందుల వరుసలో నిలబడేది ఎవరు? ఆ భర్తే. ఆసుపత్రిలో రోజుకు రెండు వందల చీటీలు రాసే మనిషికి ఆ ముక్క తట్టలేదు. ఆమె కుట్లు విప్పించుకోవడానికి కూడా మళ్లీ రాలేదు. ఆ కుట్లు ఎవరు విప్పారో, అసలు విప్పారో లేదో సిస్టర్‌కి ఈనాటికీ తెలియదు. అది తలుచుకుంటే ఆ పూట అన్నం సయించదు.

అందుకే ఈసారి ఆవిడకు కావలసింది ఒక్కటే, ఈ మనిషి మళ్లీ రావాలి. ఆడవాళ్లకు కట్టు కట్టేటప్పుడు మగవాళ్లు ఉండకూడదని భర్తను బయట బల్ల మీద కూర్చోబెట్టింది. తెర లాగి, దూది తడుపుతూ చిన్నగా అడిగింది.

"ఇంట్లో భయంగా ఉంటుందా అమ్మా?"

ఆమె పైకప్పు వంక చూస్తూ బాత్రూంలోనే పడ్డానంది. సిస్టర్ రెట్టించలేదు. చెప్పాలనిపించినప్పుడు చెప్పమంది, చీటీ మీద ఒక్క ముక్క రాయనంది. తర్వాత బయటికి వెళ్లి నిక్షేపంగా అబద్ధమాడింది. గాయం లోతుగా ఉంది, రోజు విడిచి రోజు తన చేత్తోనే కట్టు మార్చాలి, అశ్రద్ధ చేస్తే చీము పట్టి కంటికే ఎసరు అని. పెద్దమనిషి మొహం పాలిపోయింది. నలుగురూ అడిగితే ఏం చెప్పుకోవాలన్న భయం కాబోలు, ఆ రోజు నుంచి గడియారం చూసుకుని మరీ తీసుకొచ్చాడు.

మూడోసారి కుట్లు విప్పింది. ఆ రోజు ఆమె తన కూతురు రెండో తరగతని, లెక్కల్లో చురుకని చెప్పింది. నాలుగోసారి, ఏమీ అడక్కుండానే, "బాత్రూం కాదండీ" అంది.  వదిలేసి వచ్చెయ్యి అనే మాట సిస్టర్ గొంతుదాకా వచ్చింది, మింగేసింది. ఆడవాళ్లకు ఆశ్రయమిచ్చే చోటు ఫోన్ నంబరు ఒకటి చెప్పింది. భర్త ఆమె ఫోనూ సంచీ రెండూ వెతుకుతాడట, అందుకని కాగితం ఇవ్వలేదు. కట్టు చుట్టినంతసేపూ పది అంకెలూ ఎక్కాల్లా వల్లె వేయించింది.

ఆరోసారి కట్టు విప్పి చూస్తే సన్నటి గీత తప్ప ఏమీ లేదు. ఇంక ఏ వంకతో రమ్మనాలా అని సిస్టర్ తల పట్టుకుంది.

"మానిపోయిందని నాకు తెలుసండీ" అంది ఆమె. "పోయిన వారమే కట్టు ఎత్తి అద్దంలో చూసుకున్నాను. ఇంకో రెండుసార్లు కట్టండి. పాప టీసీ శుక్రవారం ఇస్తామన్నారు."

సిస్టర్ చేతులు ఆగిపోయాయి. తనేదో నాటకమాడిస్తున్నాననుకుంటే, ఈ పిల్ల తనకన్నా రెండాకులు ఎక్కువే చదివింది! ఏ ఊరు, ఎవరు తోడు, పాపకి తెలుసా? ప్రశ్నలు ఒకదాని మీద ఒకటి తోసుకొచ్చాయి. ఒక్కటీ అడగలేదు. తనకు తెలియనిది తన నోటి నుంచి ఎవరూ లాగలేరు. మంచి చర్మం మీద మామూలుకన్నా దళసరిగా కట్టు కట్టి పంపింది.

తర్వాతి సోమవారం మధ్యాహ్నం భర్త ఒక్కడే వచ్చాడు. చొక్కా చెమటతో తడిసింది, మర్యాద మాత్రం అలాగే ఉంది. మా ఆవిడ వచ్చిందా, ఎక్కడికి వెళ్తున్నదీ మీకేమైనా చెప్పిందా అని అడిగాడు.

"తెలియదండీ" అంది సిస్టర్. నిజమే చెప్పింది.

ఆయన గుమ్మంలోనే నిలబడి గది నాలుగు మూలలూ చూశాడు. "పాప కూడా బళ్లో లేదటండీ" అన్నాడు.

ఆయన మెట్లు దిగేదాకా ఆవిడ కదల్లేదు. తర్వాత స్టూలు మీద కూలబడి, ఇద్దరూ వెళ్లారన్నమాట అనుకుని, దూది కట్టలో మొహం దాచుకుని ఏడ్చింది.