మామయ్యగారు పేరు పెట్టిన గుట్ట

పొద్దున ఖాజాగూడ సిగ్నల్ దగ్గర క్యాబ్ ఆగింది. పక్కనే ముప్పై అంతస్తుల టవర్లు, వాటి నెత్తిన బంగారు రంగులో ఇంగ్లీషు అక్షరాలు. "పేరు మస్తుంది కదా మేడమ్" అన్నాడు డ్రైవరు. ఊ కొట్టి ఫోన్లోకి తల దూర్చాను. ఆ పేరు పెట్టింది మా మామయ్యగారు. పెట్టించింది నేను.

మామయ్యగారు గుంటూరులో ఏళ్ల తరబడి ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరై, అత్తయ్యగారు పోయాక మా దగ్గరికొచ్చారు. ఆదివారం చర్చి నుంచి రాగానే ఫ్లాస్కులో టీ పోయించుకుని, ఇంటి వెనక గుట్ట మీదికి బయల్దేరేవారు. అక్కడ ఒకదానిమీదొకటి ఒరిగిన రెండు బండలు, వాటి కింద ఇద్దరు ముగ్గురు కూర్చునేంత చోటు. మేకలు మేపుకునే ఒకామె అక్కడికొచ్చేది. ఆమెకు సగం టీ, బోలెడంత పాఠం. పాత ఇంగ్లీషులో కొండను బెయోర్గ్ అనేవారట, జర్మన్ల బెర్గ్ దానికి తోబుట్టువట. తలదాచుకునే చోటుకీ ఇంచుమించు అదే మాటట, హార్బర్ అనే మాటలో దాక్కుని ఉన్నది అదేనట. ఆ రెండూ అసలు చుట్టాలా కాదా అని పండితులు ఇంకా కొట్టుకుంటున్నారని మురిసిపోతూ చెప్పేవారు. "ఏంది సారూ, వానొస్తే మేం గీ గుట్ట కిందికే ఉరుకుతం. గా ముచ్చటకు గంత సదువు కావాల్నా?" అని ఆమె నవ్విందట. అది చెప్పుకుని ఆయన నాలుగు రోజులు పొంగిపోయారు.

నేనప్పుడు మాదాపూర్‌లో బ్రోచర్లు రాసే ఉద్యోగం చేసేదాన్ని. మా ఇంటి వెనక గుట్ట దగ్గర కట్టబోయే టవర్లకు ఎవరూ వినని ఫారిన్ పేరు కావాలని బిల్డర్ అడిగితే, మామయ్యగారి చెవిన వేశాను. చిన్నపిల్లాడిలా సంబరపడి, ఆ బెయోర్గ్‌లోంచే ఒక పేరు తీశారు. కాగితం నా చేతికి ఇవ్వబోతూ ఆగి, "గుట్టను అలాగే ఉంచుతారు కదమ్మా?" అన్నారు. ప్లాను నేను అప్పటికే చూశాను. గుట్ట ఉన్నచోట స్విమ్మింగ్ పూల్ గీసి ఉంది. "ఉంచుతారండీ" అన్నాను. ఛీ, ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట! ఆయన ముఖంలో ఆ వెలుగు చెడగొట్టడానికి మనసొప్పలేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

బండలు పేల్చడం మొదలైన రోజు మా వంటింట్లో గిన్నెలు అదిరాయి. ఆయన అరిస్తే బాగుండేది. లేచి కిటికీ మూసి, "ఆవిడ మేకల్ని ఎటు తోలుకెళ్లిందో కాస్త కనుక్కోమ్మా" అన్నారు. "అడిగాను, ఎవరికీ తెలియదట" అని చెప్పాను. నేను ఎవర్నీ అడగలేదు. ఆ తర్వాత ఆయన బతికున్న రెండేళ్లలో నాకు ఏ మాట పుట్టుకా చెప్పలేదు. నిజం చెప్పి, క్షమించమని అడగాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. రోజులెక్కడికి పోతాయిలే అనుకున్నాను.