మూడో అంతస్తు వీలునామా

ఆ ఊళ్లో కారు నడిపేవాళ్లలో సగం మందికి స్టీరింగు పట్టుకోవడం నేర్పింది ఆవిడే. మిగతా సగం మంది తన దగ్గర నేర్చుకోలేదన్న సంగతి వాళ్లు మలుపు తిరిగే తీరులోనే తెలిసిపోతుందని ఆవిడ నమ్మకం. అందరూ ఆవిడను క్లచ్ మేడమ్ అంటారు. డ్రైవింగ్ స్కూలంటే ఆఫీసూ గుమాస్తాలూ ఏమీ లేవు. నెత్తిన బోర్డున్న ఒక తెల్ల కారు, అందులో నేర్చుకునేవాళ్ల కాళ్ల దగ్గర ఒక బ్రేకు, ఆవిడ కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు, అంతే. అరవై రెండేళ్లు వచ్చినా ఆ రెండో బ్రేకు మీది కాలికి చురుకు తగ్గలేదు.

ఆవిడకో నియమం ఉంది. పాఠం జరిగేటప్పుడు వెనక సీట్లో ఎవరూ ఉండకూడదు. భార్యకు నేర్పుతుంటే భర్త, కొడుక్కి నేర్పుతుంటే తండ్రి, ఊరికే చూస్తామండీ అంటూ ఎక్కబోతే మొహమాటం లేకుండా దింపేసేది. వెనకాల ఒక మనిషి గొంతు సవరించుకున్నా చాలు, ముందున్న మనిషి ఏ కాలు ఎక్కడ పెట్టాలో మర్చిపోతుందని చెప్పేది. కారు దిగి ఇంటికొచ్చాక మాత్రం ఆ నియమం ఆవిడకు గుర్తుండేది కాదు.

ఇల్లు మూడో అంతస్తులో. భర్త పోయాక చెల్లెలూ తనూ చెరిసగం వేసుకుని కొన్నారు. రెండు గదులు, వీధి వైపు పెద్ద కిటికీ, దాని పక్కన చెల్లెలి కుట్టు మిషను. చెల్లెలు నాలుగేళ్లు చిన్న. పెళ్లి మాటెత్తిన ప్రతిసారీ నవ్వి ఊరుకున్న మనిషి. కర్టెన్లూ, కారు సీట్ల కవర్లూ కుడుతుంది. దానికి మాటలు తక్కువని మేడమ్ అందరితో చెబుతుంది గానీ, నిజానికి ఆ ఇంట్లో రెండో మనిషి నోరు విప్పడానికి సందు దొరకదు. టీలో పంచదార ఎంత వేయమంటారని ఎవరైనా చెల్లెల్ని అడిగితే, దానికి ఒక్క చెంచా చాలని వంటింట్లోంచి మేడమ్ జవాబు వచ్చేది.

ఒకరోజు కారు నేర్చుకుంటున్న ఒకావిడ, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, మాటల్లో మాటగా తన కథ చెప్పింది. కలిసి ఉన్న అక్క పోయిన కొన్నాళ్లకే అక్క పిల్లలు వచ్చి ఇల్లు అమ్మకానికి పెట్టారట. పచ్చ లైటు వెలిగింది, వెనక హారన్లు మోగాయి, మేడమ్‌కి ఏవీ వినపడలేదు. అంతకుముందు వారమే మేడమ్ కొడుకు, నాలుగు వీధుల అవతల ఉండేవాడు, ఇంటికొచ్చి కూర్చుంటూనే ఈ ఇల్లు అమ్మేస్తే మంచిదేమో ఆలోచించమ్మా అన్నాడు. ఆ మాట గొంతులో ముల్లులా దిగబడి ఉంది. కొడుకు చెడ్డవాడు కాదు. అయినా తను కళ్లు మూశాక చెల్లెలి గతేమిటి? ఆ ఇంట్లోంచి దాన్ని ఎవరూ కదపకూడదు. వీలునామా రాసి తీరాలని ఆ సిగ్నల్ దగ్గరే నిశ్చయించేసుకుంది.

ఎవరితో రాయించాలన్నదే తేలలేదు. కోడలేమో ఇప్పుడన్నీ ఫోన్లోనే అవుతున్నాయనీ, అడిగినవాటికి జవాబులు చెబితే కాగితం అదే తయారై వస్తుందనీ, ఇల్లు కదలక్కర్లేదనీ చెప్పింది. లేదంటే వెనక వీధిలో ఒక లాయరున్నాడు. అతను ఒకప్పుడు మేడమ్ దగ్గర కారు నేర్చుకున్నాడు. నేర్చుకున్నాడనడం ఆవిడకు ఇష్టం ఉండదు. వెనక్కి తీస్తూ వారం వారం అదే గేటు స్తంభాన్ని గుద్దినవాడికి రివర్సు లాయరని పేరు పెట్టింది. వెనక ఏముందో చూసుకోలేనివాడు నేను పోయాక ఏం జరుగుతుందో ఏం చూస్తాడని కోడలితో అనేసి, ఫోనే ఖాయం చేసింది.

ఆదివారం పొద్దున కోడలు ఫోను పట్టుకుని సోఫాలో కూర్చుంది. మేడమ్ పక్కన చేరింది. చెల్లెలు మిషను దగ్గర ఎవరిదో నీలం కర్టెను కుడుతోంది. పేరు, వయసు, పిల్లలు, బ్యాంకు, కారు, అన్నీ చకచకా అయిపోయాయి. మేడమ్‌కి ఉత్సాహం పుట్టింది. ఈమాత్రం దానికి లాయర్లెందుకే అంటూ కాళ్లు చాపుకుంది. ఇంటి దగ్గరికి వచ్చేసరికి కోడలు తలెత్తి, "చిన్నత్తయ్యా, మీకు ఇక్కడే ఉండాలని ఉందా?" అని అడిగింది.

మిషను ఆగింది. చెల్లెలు దారం తెంచి ఇటు తిరిగింది. ఆవిడ నోరు తెరిచేలోపే మేడమ్, దానికి ఈ ఇల్లంటే ప్రాణమనీ, బతికున్నంతకాలం ఇక్కడే ఉంటుందని రాసెయ్యమనీ చెప్పేసింది. మిషను మళ్లీ మొదలైంది.

తర్వాతి ప్రశ్న, ఇల్లు ఒక్కరి పేరున ఉందా, ఇద్దరి పేరునా అని. ఇద్దరి పేరునని కోడలు నొక్కింది. ఇలాంటి ఆస్తి విషయంలో ఒకసారి లాయరును కలిస్తే మంచిదని ఫోన్లో కనిపించింది. ఎన్నిసార్లు వెనక్కి వెళ్లి నొక్కినా అదే మాట. దాని పని అది చెయ్యకుండా నన్ను ఇంకొకడి దగ్గరికి పొమ్మంటుందేమిటని మేడమ్ ఫోను మీద విసుక్కుంది. కానీ విషయం చెల్లెలి గూడుకు సంబంధించింది కాబట్టి, మర్నాడే కోడల్ని వెంటబెట్టుకుని వెనక వీధికి బయల్దేరింది.

లాయరు ఆఫీసు మందుల షాపు పక్కన, వీధిలోకే తలుపున్న రెండు గదులు. ముందు గదిలో గోడవారగా ప్లాస్టిక్ కుర్చీలు, లోపలి గదిలో బల్లా, ఫైళ్లూ, చప్పుడు చేసే ఫ్యానూ. ఆవిడను చూడగానే అతను లేచి నిలబడ్డాడు. ఇప్పటికైనా రివర్సు వచ్చిందా అని మేడమ్ అడిగితే, వెనక కెమెరా ఉన్న కారు కొన్నాను మేడమ్ అన్నాడు. కనీసం నిజం చెబుతున్నాడని ఆవిడకు కాస్త గురి కుదిరింది. అతను ముందు కోడల్ని బయట కూర్చోమన్నాడు. తర్వాత మేడమ్ చెప్పిందంతా మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. మీ సగం మీరు ఎవరికైనా రాయొచ్చనీ, రెండో సగం మాత్రం మీ చెల్లెలిదనీ, ఆవిడ మీకంటే ముందు పోతే ఆ సగం ఎవరికి వెళ్లాలో ఆవిడే చెప్పాలనీ అన్నాడు. అది నాకంటే చిన్నదయ్యా అంది మేడమ్. వయసు ప్రకారమే పోవాలని రూలేమీ లేదు కదా అని అతను మెల్లిగా అన్నాడు. రెండు కాగితాలూ ఒకదానితో ఒకటి పొసగాలంటే ఆవిడను కూడా తీసుకురమ్మన్నాడు.

మర్నాడు అక్కాచెల్లెళ్లిద్దరూ వెళ్లారు. మేడమ్ లోపలి గదిలో ముందు కుర్చీలో కూర్చుని, చెల్లెలు ఏమనుకుంటోందో చెప్పడం మొదలుపెట్టింది. లాయరు పెన్ను కింద పెట్టేశాడు.

"మేడమ్, మీరు కాసేపు బయట కూర్చోండి."

"నేనా? దానికి మాట్లాడటం రాదు బాబూ. నేను చెబుతాగా."

"మా నాన్న వెనక సీట్లో కూర్చుంటానంటే మీరు దింపేశారు, గుర్తుందా? ఆయన దిగాకే నా చేతిలో బండి కదిలింది. ఇదీ అంతే మేడమ్."

ఇంతకాలం ఊరందరికీ చెప్పిన మాట తిరిగొచ్చి తన మీదే పడేసరికి మేడమ్ తన సంచి అందుకుంది. లేచి బయటికొచ్చింది. వెనక తలుపు మూసుకుంది.

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవడం ఆవిడకు చేతకాలేదు. లేచింది, కూర్చుంది, గోడ మీది క్యాలెండరు చదివింది. కుడికాలు దానంతటదే నేలను అదిమి పడుతోంది. లోపల్నుంచి చెల్లెలి గొంతు వినపడుతోంది, మాటలు తెలియడం లేదు. ఇంట్లో పొద్దస్తమానం పట్టుమని పది మాటలు మాట్లాడని మనిషి, ఒక పరాయివాడి ముందు ఆగకుండా మాట్లాడుతోంది. మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. మేడమ్‌కి ముందు కోపం వచ్చింది. తర్వాత, చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిన భయం పట్టుకుంది. దీనికి నాతో ఉండటం ఇష్టం లేదేమో. ఇన్నేళ్లూ నేనే ఉంచేసుకున్నానేమో. ఎప్పుడూ అడగలేదు కదా అని మొదటిసారి తట్టింది.

తలుపు తెరిచి లాయరు పిలిచాడు. మీ చెల్లెలు మీతో ఒక మాట చెప్పాలంటున్నారనీ, ఆవిడ చెప్పేదాకా మనిద్దరం మాట్లాడకుండా ఉందామనీ అన్నాడు. చెల్లెలు చీర కొంగును వేళ్లతో మడతలు పెడుతూ కూర్చుంది. ఆ మడతలు వదిలేసి తలెత్తింది.

"అక్కా, నువ్వు లేకపోతే ఆ ఇంట్లో నేనుండను. నువ్వున్నా నాకు ఉండాలని లేదు. కిటికీలోంచి మనుషుల నడినెత్తులు చూసి చూసి విసుగొచ్చింది. వీధి గుమ్మం ఉన్న కింది ఇల్లు కావాలి నాకు. గుమ్మం పక్కన మిషను వేసుకుని, వచ్చేపోయేవాళ్లతో మాట్లాడుతూ కుట్టుకోవాలి."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేమే?"

"చెప్పాను. చెప్పినప్పుడల్లా లిఫ్టు వస్తోందిగా అన్నావు."

అది నిజమే. ఏడాదికోసారి బిల్డింగువాళ్లు లిఫ్టు గురించి సమావేశం పెడతారు, టీ తాగి వెళ్లిపోతారు. కొడుకు ఆ రోజు ఇల్లు అమ్మేద్దామన్నది కూడా పిన్ని చేతిలోని గుడ్డల మూట అందుకుని మూడంతస్తులూ మోసుకొచ్చి, రొప్పుతూ కూర్చున్నాక. ఆ రొప్పు ఆవిడకు ఇప్పుడు గుర్తొచ్చింది. చిన్నతనంగా అనిపించింది. అయినా ఊరుకోలేక, ఇదంతా నీ కోసమే కదే, రేపు నేను పోతే నువ్వు దిక్కులేకుండా అయిపోకూడదనేగా అంది.

"నేను ముందు పోతే?" అంది చెల్లెలు. "ఎప్పుడైనా అనుకున్నావా? రెండో అంతస్తు దగ్గర ఆగి, ఫోను చూసుకుంటున్నట్టు నిలబడతావు. పైనుంచి నీ ఆయాసం నాకు వినపడుతుంది. నేను కిందికొచ్చి నీ చేతిలో సంచి తీసుకుంటాను. నేను లేకపోతే ఎవరొస్తారు? నువ్వేమో నన్ను ఆ ఇంట్లో ఉంచాలని చూస్తున్నావు. నేను నిన్ను అక్కణ్నుంచి దింపాలని చూస్తున్నాను."

తను చెల్లెలికి నీడ ఇస్తున్నాననుకుంది ఇన్నేళ్లూ. చెల్లెలు తనను రోజూ మెట్ల మీద నుంచి పట్టుకొస్తోందన్న సంగతి ఆవిడకు తట్టనేలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు. ముక్కు తుడుచుకుని, ఎప్పటి గొంతుతోనే లాయరు వైపు తిరిగింది.

"ఇల్లు అమ్మడానికి వీలునామా కావాలా?"

"బతికున్నవాళ్లు అమ్ముకోవడానికి వీలునామా ఎందుకు మేడమ్? ఇద్దరూ సంతకాలు పెడితే చాలు. ముందు ఇల్లు మారండి. తర్వాత రాద్దాం."

ఇల్లు అమ్మారు. కింది ఇల్లు వెతికారు. ఒక సన్నటి వీధిలో, పై కప్పు కాస్త కిందికున్న ఇల్లు చెల్లెలికి నచ్చింది. గుమ్మం చూసిన మరుక్షణమే ఇదే అనేసింది. మేడమ్‌కి అందులో వెలుతురు చాలదనిపించింది, గోడలు చెమ్మ పడతాయనిపించింది, కారు పెట్టే చోటు ఇరుకనిపించింది. అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి, అన్నీ మింగేసింది. సామాను మోయడానికి కొడుకొచ్చాడు. మిషను భుజాన పెట్టుకుని దిగుతున్నవాణ్ని ఆపి, అమ్మేయమన్నది ఇందుకేనట్రా అని అడిగింది. మరెందుకనుకున్నావమ్మా అని వాడు ఎదురడిగాడు. ఆవిడ, మిషను జాగ్రత్త అంది.

కొత్త ఇంట్లో సర్దుకున్నాక కోడలు మళ్లీ వీలునామా మాటెత్తింది. ఇప్పుడు ఎవరి సగం వాళ్లు ఒకరికొకరు రాసుకోవడమే కాబట్టి ఫోన్లో అయిపోతుందేమోనంది. లాయరును అడిగితే అతనూ అదే చెప్పాడు, సాక్షులుగా ఆస్తితో సంబంధం లేనివాళ్లను ఇద్దర్ని చూసుకుంటే ఫోన్లో రాసుకున్నదీ పనికొస్తుందన్నాడు. మేడమ్ మాత్రం ఒప్పుకోలేదు. ఇంట్లో అయితే నేను నోరు మూసుకోలేను, అక్కడైతే తలుపుంది అని తేల్చి చెప్పేసింది.

ఆ రోజు ముందు మేడమ్ లోపలికెళ్లి తనది రాయించుకుని వచ్చింది. తర్వాత చెల్లెలు వెళ్లింది, తలుపు మూసుకుంది. చాలాసేపు పట్టింది. ఒకరికొకరు రాసుకోవడానికి ఇంతసేపెందుకని మేడమ్‌కి ప్రాణం కొట్టుకుపోయింది. మిషను ఎవరికి రాసింది? దాచుకున్న డబ్బు ఎవరికి? ఇద్దరం పోయాక ఇల్లు ఎవరికంది? చెల్లెలు బయటికొచ్చి, చెప్పులు వేసుకుని, అక్క మొహంలోకి చూసింది.

"అడగవేంటి?"

"నీది నీ ఇష్టం" అంది మేడమ్. అని, ఇంకో మాట బయటికి రాకుండా గబగబా వెళ్లి కారెక్కింది.

కారు మలుపు తిరిగేలోపే చెల్లెలు తనంతట తనే మొదలుపెట్టింది. మిషను సంగతి చెప్పింది. కుట్టు నేర్చుకుంటానని ఎదురింటి కోడలు వస్తోందట, ఆ సంగతి చెప్పింది. అక్కడి నుంచి చిన్నప్పుడు తను నేర్చుకోవాలనుకున్న వీణ దాకా వెళ్లింది. ఆ మాట మేడమ్ పుట్టి బుద్ధెరిగి విననే లేదు. మధ్యలో రెండుసార్లు నోరు తెరవబోయి ఆపుకుంది. ఇల్లొచ్చింది. గుమ్మం ముందు కారాగింది, చెల్లెలి మాట ఇంకా ఆగలేదు. మేడమ్ ఇంజను ఆపేసి, తాళం చెవి ఒళ్లో పెట్టుకుని, వింటూ కూర్చుంది.