మార్తాండు కోసం ప్రార్థన

మైత్రీవనం వెనక జిరాక్సు దుకాణాల ముందు నడిచినప్పుడల్లా వేడి కాగితం, సిరా కలిసిన వాసన తగిలి, అమీర్‌పేటలో ఇళ్లకంటే బండరాళ్లే ఎక్కువగా ఉన్న నా చిన్నతనంలోకి జారిపోతాను.

అవి అరవై అయిదు యుద్ధం రోజులు. పంజగుట్ట రాళ్ల సందుల్లో సీతాఫలాలు కళ్లు విప్పే కాలంలో, నాయన సికింద్రాబాదు స్టేషను నుంచి ఒక సాహస నవలల వరుసను భాగం తరువాత భాగంగా తెచ్చేవాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, కోడికూర తిని, సీతాఫలం గింజలు ముంగిట్లోకి ఊస్తూ నేను గట్టిగా చదువుతుంటే, చదువు రాని మా అవ్వ, అంటే నాయన తల్లి, వక్క నమలడం కూడా మరిచి వినేది. కథానాయకుడు మార్తాండు. ప్రతి భాగం చివరా ఏదో ఒక ఆపదలో చిక్కేవాడు.

రెండో భాగం చివర శత్రువులు అతణ్ని పాడుబావిలోకి తోశారు. మరుసటి ఆదివారం చర్చిలో, ఎవరి కోసమైనా ప్రార్థించాలా అని అడిగినప్పుడు అవ్వ లేచి నిలబడింది.

"మార్తాండు బాయిల పడ్డడు అయ్యగారూ. జర ఆయన కోసం ప్రార్థన చెయ్యుండ్రి."

"మీ చుట్టమా అమ్మా?" అన్నారు పాస్టరుగారు.

"చుట్టమైతేనే చేస్తరా?"

అందరూ కళ్లు మూసుకున్నారు. నాయన కూడా తల వంచుకున్నాడు. మూడో భాగంలో మార్తాండుకు తాడు దొరికింది, పైకి వచ్చేశాడు. అవ్వ చేతులు జోడించింది. నాకు మాత్రం అంతా అయోమయం.

"నాయనా, గీ పుస్తకం మనం ప్రార్థన చేసినంక అచ్చేసిండ్రా?"

"లేదు బిడ్డా, ముందే అచ్చయింది."

"మరి మనమెందుకు చేసినం?"

నాయన అవ్వ వైపు చూశాడు. "దేవునికి ముందు ఎనుక ఉంటదానే?" అంది అవ్వ. ఆ మాట నమ్మి, లెక్కల పరీక్ష రాసి వచ్చాక ప్రార్థన చేశాను. తప్పాను.

నడిసముద్రంలో మార్తాండు పడవ పగిలిన చోట ఆ వరుస ఆగిపోయింది. కాగితం కరువట, ఇక రాదన్నాడు నాయన. అవ్వకు చెప్పడానికి మా ఇద్దరికీ నోరు రాలేదు. ఆమె వారం వారం లేచి అతని పేరు చెబుతూనే ఉంది. క్రిస్మస్‌కు గరిజలు వేయిస్తూ, "గా పిలగాడు ఏమన్న తిన్నడో లేదో" అని నిట్టూర్చేది.

ఒక ఆదివారం ఆమె లేవలేదు. ఇంటికి నడుస్తూ అడిగాను.

"మార్తాండు పేరు చెప్పలేదేంది అవ్వా?"

"ఒడ్డుకు వచ్చిండు బిడ్డా."

"ఎవరు చెప్పిండ్రు?"

ఆమె నవ్వి, నా చెయ్యి పట్టుకుని రాళ్ల దారి దాటించింది. ఆ ఏడాదే పోయింది.

ఆ రాళ్లను పగలగొట్టి మేడలు కట్టారు. సీతాఫలం చెట్లు లేవు. పాత పుస్తకాలవాళ్లను అడిగితే అలాంటి వరుసే ఎరగమంటారు. అవ్వ నిజంగానే నమ్మి ఆ మాట అన్నదో, మేం దాస్తున్నది కనిపెట్టి మా గుండె బరువు దించిందో, డెబ్బై దాటినా నాకు తేలలేదు.