మెడలో ట్యాగులు వేసుకున్న మేకలు

హైదరాబాద్ శివారు నార్సింగిలో మా ఇంటి ఓనరావిడకు తొమ్మిది మేకలు, ఒక కొడుకు. కొడుకు మాట వినడు, మేకలు వింటాయి. అందుకేనేమో, ఎవరైనా ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగితే ఆవిడ ముందు మేకల సంగతి చెప్పి, ఆ తర్వాత కొడుకు సంగతికి వచ్చేది.

మేం ఆ ఇంటి పై వాటాలో కిరాయికి ఉంటాం. మాది భీమవరం పక్క. మేకంటే నాకు చిన్నప్పటి నుంచీ బిరియానీలో తప్ప పరిచయం లేదు. ఇక్కడికొచ్చాక, చుట్టూ ముప్పై అంతస్తుల టవర్లు లేచిన చోట, ఇంటి పక్కన మిగిలిన కాస్త జాగాలో, రేకుల పాక కింద నెమరు వేసుకుంటున్న ఆ మేకలను డాబా మీది నుంచి చూడటం అలవాటైంది. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఇంటి నుంచి పని చేసే రోజుల్లో డాబా మీదే కూర్చుని మీటింగులకు హాజరయ్యేదాన్ని. మా మేనేజరు మాట్లాడటం మొదలుపెట్టగానే పెద్దగా నిట్టూర్చే గడ్డం మేక ఒకటుండేది. అదంటే నాకు ప్రాణం.

ఇక కుక్కలు. అవి మొత్తం ఏడు. అన్నిటికీ ఒక చెవి కొన కత్తిరించి ఉంటుంది, గోధుమరంగుది వాటికి పెద్ద. వీధికుక్కలను పట్టుకెళ్లి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, గుర్తుకు చెవి కొన కోసి, మళ్లీ పట్టుకున్న చోటే వదిలేయాలన్నది రూలు. మా ఇంటావిడ ఫిర్యాదు చేస్తే వచ్చిన మనుషులు ఆ రూలు ప్రకారమే ఏడింటినీ తీసుకెళ్లి, కొన్నాళ్లకు ఏడింటినీ భద్రంగా దింపి వెళ్లారు. వ్యాన్‌లోంచి అవి దూకుతుంటే ఆవిడ నడుము మీద చేయి పెట్టుకుని చూసింది. "తీర్థయాత్రకు తోలుకపోయి తీస్కొచ్చిన్రా?" అని అడిగింది.

ఒక ఆదివారం పొద్దున అవి రేకుల కంచె సందులోంచి దూరి, తొమ్మిదింటి లెక్కలోకి ఇంకా రాని, గంప కింద పెట్టిన రెండు మేకపిల్లల్లో ఒకదాన్ని లాక్కుపోయాయి. ఇంకో రెండు వారాలకు, శనివారం, రెండో పిల్ల పోయింది. నేను కిందికి దిగేసరికి ఆవిడ దొర్లిపడ్డ గంపను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. తల్లిమేక ఆ గంప చుట్టూ తిరుగుతూ అరుస్తోంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ ఏడవలేదు, నన్నే ఓదార్చింది.

కొడుక్కి రెండు క్యాబులున్నాయి, ఆఫీసుల వాళ్లను తిప్పుతాడు. మంచివాడే. కాకపోతే తల్లి కర్ర పట్టుకుని కుక్కల మీదికి ఉరికిందని వినగానే గుండె ఆగినంత పనైందతనికి. ఆవిడకు డెబ్బై దాటాయి, కళ్లకు పొరలొచ్చాయి. మేకలు పోతే పోయాయి, రేపు ఆ కుక్కలు ఈవిడనే పట్టుకుంటే ఏం చేయాలని అతని బాధ. వచ్చే వారం, ఆదివారం నాడు, మేకల బేరగాణ్ని తీసుకొస్తానని, అన్నిటినీ అమ్మేద్దామని తేల్చి చెప్పి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఆవిడ మెట్ల మీద నా పక్కన కూర్చుంది.

"ఇవి పోతే పొద్దుగాల లేచి ఎవరిని పిలువాలె బిడ్డా?" అంది.

ఆ మాట నన్ను పట్టుకుంది. ప్రోగ్రాంలో తప్పు, అదే మేం బగ్ అనేది, ఎప్పుడొస్తుందో తెలిస్తే సగం పని అయిపోయినట్టేనని మా వృత్తిలో నమ్మకం. అందుకని కుక్కలు పాక మీదికి వచ్చిన రోజులన్నీ ఆవిడను అడిగి కాగితం మీద రాసుకున్నాను. శనివారం, ఆదివారం, ఆదివారం, పండగ సెలవు, శనివారం. మామూలు పనిరోజు ఒక్కటీ లేదు. కుక్కలకు వారాలు ఎలా తెలుసు? వాటికీ సాఫ్ట్‌వేర్ కొలువులేమైనా ఉన్నాయా అని నవ్వుకున్నాను. సోమవారం పొద్దున మెడలో ఆఫీసు గుర్తింపు ట్యాగు వేసుకుని, బస్సు కోసం మూలమీది టీ బండి దగ్గర నిలబడి, అలవాటుగా బిస్కెట్లు విసురుతూ కిందికి చూశాను. చెవి కొన లేని గోధుమరంగు కుక్క నన్ను చూసి ప్రేమగా తోకూపింది.

అవే కుక్కలు. పనిరోజుల్లో నాలాంటి ఐటీ వాళ్లు యాభై మంది పెట్టే బిస్కెట్లతో రాజభోగం, సెలవొస్తే పస్తు. పస్తున్నప్పుడు మా ఇంటి మేకలు. అంటే ఇంతకాలం ఆ దొంగల ముఠాను మేపినవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఈ సంగతి ఇంటావిడకు చెప్పే ధైర్యం చాలక, బస్సెక్కి హైటెక్ సిటీ దాకా కిటికీ వైపే ముఖం పెట్టుకుని కూర్చున్నాను.

పాపం కడుక్కోవాలిగా. ఇంటావిడకు కళ్లు సరిగా కనిపించకపోయినా చెవులు బాగా పని చేస్తాయి కాబట్టి, మేకల మెడల్లో గజ్జెలు కడితే అవి బెదరగానే ఆవిడకు తెలుస్తుందనీ, నేను పైనుంచి పరిగెత్తుకొస్తాననీ చెప్పాను. ఆవిడ సరేనంది. తాడుతో కడితే ఒకదాని మెడలో తాడు ఇంకొకటి నమిలి పడేసింది. అప్పుడు గుర్తొచ్చాయి నా బీరువా సొరుగులోని పాత ఆఫీసు ట్యాగులు. నాలుగు కంపెనీలు మారాను, మా ఆయన మూడు మారాడు, పైగా ట్రైనింగులంటూ సెమినార్లంటూ ప్రతిచోటా మెడలో ఒకటి తగిలిస్తారు. నున్నటి గట్టి పట్టీ, చివర కొక్కెం. గజ్జె తగిలించడానికి ఇంతకంటే ఏం కావాలి?

శనివారం ఆఫీసు లేదు కాబట్టి పొద్దంతా కాపలా కాస్తూ, తొమ్మిది మేకలకూ తొమ్మిది ట్యాగులు మెడకు సరిపోయేలా ముడివేసి తగిలించాను. గడ్డం మేకకు నీలం రంగు పట్టీ. అది వేసుకోగానే ఒకసారి నిట్టూర్చింది, అచ్చం సోమవారం పొద్దున మా టీమ్ లీడ్ నిట్టూర్చినట్టే.

"గివి మెడల ఉంటెనే గద మిమ్ముల లోపలికి పోనిస్తరు?" అని అడిగింది ఇంటావిడ.

అవునండి అన్నాను.

"అయితే నా మేకలకు కొలువు దొరికినట్టే" అని ఆ వారంలో మొదటిసారి నవ్వింది.

ఆదివారం తొమ్మిదింటికి గజ్జెలు ఒక్కసారిగా మోగాయి. నేను దువ్వెన జుట్టులోనే వదిలేసి మెట్లు దిగాను. ఏడు కుక్కలూ లోపలికొచ్చేశాయి. మేకలు గోడకు అతుక్కుపోయి నిలబడ్డాయి. ఇంటావిడ కర్ర ఎత్తింది. నాకు చేతికి అందింది చీపురు. ఇద్దరం గొంతులు పోయేలా అదిలిస్తున్నాం. ఆ ముఠాపెద్ద మమ్మల్ని లెక్కచేయకుండా నేరుగా గడ్డం మేక దగ్గరికి వెళ్లింది. నేను కళ్లు మూసుకున్నాను.

అరుపు వినబడలేదు. కళ్లు తెరిచి చూస్తే, కుక్క మేక ముందు కూర్చుని ఉంది. బుద్ధిగా, ముందరి కాళ్లు దగ్గర పెట్టుకుని, నీలం పట్టీ వైపు చూస్తూ తోకతో నేలను ఊడుస్తోంది. దాని వెనకాల మిగతా ఆరూ వచ్చి, తలా ఒక మేకను ఎంచుకుని కూర్చున్నాయి. మేకలు వాటిని చూశాయి. ఒకదాన్నొకటి చూసుకున్నాయి. ఎవరికీ ఏం చేయాలో తోచలేదు.

నాకు తోచింది. ఆ కుక్కల దృష్టిలో మెడలో పట్టీ ఉన్నవాళ్లంతా బిస్కెట్లు పెట్టేవాళ్లు! నవ్వు తన్నుకొచ్చింది. చీపురు పారేసి పైకి పరిగెత్తి, ఇంట్లో ఉన్న బిస్కెట్ పొట్లాలన్నీ ఎత్తుకొచ్చాను. గడ్డం మేక వెనక నక్కి, అదే విసిరినట్టుగా ముందుకు ఒకటి విసిరాను. దాన్ని గడ్డం మేకే తినేసింది. రెండోది కుక్కకు దక్కింది. ఏం జరుగుతోందో సరిగా కనిపించక ఇంటావిడ నా భుజం పట్టుకుని కుదుపుతోంది. నవ్వు మధ్యలో నేను టీ బండి దగ్గర్నుంచి జరిగిందంతా, నా నేరంతో సహా, ఒప్పుకున్నాను. ఆవిడ కర్ర దించి, మెల్లగా కింద కూర్చుని, కొంగు నోటికడ్డం పెట్టుకుని కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వింది.

సరిగ్గా అప్పుడే కొడుకు బేరగాణ్ని వెంటబెట్టుకుని వచ్చాడు. బేరగాడు పనిమంతుడు. ముచ్చట్లు లేకుండా లోపలికి నడిచి, గడ్డం మేక చెవి దొరకబుచ్చుకుని, వీపు మీద మాంసం ఎంతుందో చూద్దామని గట్టిగా నొక్కాడు. మేక మొత్తుకుంది. ఏడు కుక్కలూ లేచి నిలబడ్డాయి. ముఠాపెద్ద పళ్లు బయటపెట్టి గుర్రుమంది. బేరగాడు చెవి వదిలేశాడు. ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ గేటు దాటి, తన ట్రాలీ ఆటోలో కూర్చున్నాక గాని ఊపిరి పీల్చుకోలేదు. పాపం, ఆయన మెడలో ట్యాగు లేదు.

కొడుకు కుక్కలను, మేకలను, నా జుట్టులోని దువ్వెనను మార్చి మార్చి చూశాడు.

"ఏందమ్మా ఇది?"

"మేకలు కొలువుల ఉన్నయిరా" అంది ఆవిడ. "రాజీనామా చేసినంక రమ్మను."

అతను నవ్వు ఆపుకోవాలని చూసి, ఆపుకోలేక గోడకు చేరగిలబడ్డాడు. ఆ రోజే మేకలు ఎక్కడికీ పోవడం లేదని తేలిపోయింది. సాయంత్రానికల్లా కంచె సందులన్నిటికీ కొత్త రేకులు కొట్టించాడు. బిస్కెట్ల మీద ఎంతకాలం నమ్మకం పెట్టుకుంటామని అతని వాదన, అది న్యాయమే. ఇప్పుడు కుక్కలు బయట, మేకలు లోపల.

తర్వాతి ఆదివారం పొద్దున నేను ఆవిడ గొంతు విని లేచాను. పాక దగ్గర నిలబడి ఎప్పటిలాగే తెల్లచెవులదాన్ని, కుంటిదాన్ని, గడ్డందాన్ని, అలా తొమ్మిదింటినీ వరసగా పిలుస్తోంది. నాకు హాయిగా అనిపించి ఇంకాసేపు పడుకున్నాను. పిలుపులు అయిపోయాయనుకుంటుండగా గేటు తీసిన చప్పుడైంది. డాబా మీదికి వెళ్లి చూశాను. ఆవిడ గేటు బయట రాత్రి మిగిలిన అన్నం గిన్నెతో నిలబడి ఉంది. మెడలో నేను మిగిల్చిన ఎర్ర ట్యాగు. నా అలికిడి విని కాస్త సిగ్గుపడింది.

"ఇయ్యాల మీకు సెలవు గద బిడ్డా. మరి వీటికి ఎవరు పెడ్తరు?" అని, తన రెండు మేకపిల్లలను తిన్న ఆ కుక్కలను కూడా పిలిచింది.