పదకొండో పేరు

మండవల్లి దగ్గరి ఒక కొల్లేటి లంకలో, క్రిస్మస్‌కి మా ఆఫీసు తరఫున పంచే దుప్పట్ల జాబితాలో ఒక పెద్దావిడది పదకొండో పేరు. దుప్పటి అందుకోగానే నా చేతిలో ఎండుచేపల పొట్లం పెట్టేది. "ఊరికే తీసుకోకూడదండీ" అనేది.

మా ఇంట్లో చేప తినరు. వద్దంటే చిన్నబుచ్చుకుంటుందని మొదటి ఏడు పొట్లం తీసుకుని, తిరుగుదారిలో కాలవలో వేశాను. మరుసటి ఏడు, "ఎలా ఉన్నాయండీ?" అని అడిగింది. "చాలా బాగున్నాయండీ" అన్నాను. అప్పట్నుంచి పొట్లం పెద్దదైంది.

నాలుగో ఏడు లంక వరదలో మునిగి తేలింది. పొట్లం మాత్రం తగ్గలేదు. ఆవిడ పక్కనే ఉన్న కోడలు నవ్వింది.

"పులుసులోకి ఒక్కటి కూడా తియ్యనివ్వలేదండీ మా అత్త. ఇంజనీరు గారికిష్టమంట. మాకు నెల్లాళ్లుగా పచ్చడి మెతుకులే."

"నువ్వూరుకోవే" అని ఆవిడ నా ముఖంలోకి చూసింది. "ఇష్టమే కదండీ?"

"ఇష్టమేనండీ."

కాలవ దగ్గర బండి ఆపి, మొదటిసారి పొట్లం విప్పి చూశాను. ఒక్కో చేపకీ తల తీసి, పొట్ట శుభ్రం చేసి, వరసగా పేర్చి ఉంది. మళ్లీ చుట్టాను.

ఆ ఏడు కూడా కాలవలోనే వేశాను.