ఎదురుగా కూర్చున్న నాయుడుగారు

మా వీధికి రోడ్డు వేస్తున్నారు. పొద్దున కిటికీ తెరవగానే మరుగుతున్న తారు వాసన ఇల్లంతా నిండింది. మా ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కిటికీ మూయమంది. నేను మాత్రం ఇంకాస్త ముందుకు వంగి పీల్చాను. నాకది సూళ్లూరుపేట స్టేషను రోడ్డులోని నాయుడుగారి కొట్టు వాసన. పడవల అడుగున పూసే తారు, వలలు అల్లే నూలుదారం, కొబ్బరితాళ్లు అమ్మేవారాయన. దారం అమ్మే మనిషి కనుక ఎవరినైనా ఎవరితోనైనా ముడిపెట్టగలడని ఊళ్లో అనేవారు. నన్ను ముడిపెట్టిన తీరు మాత్రం ఇప్పటికీ నాకు విడివడలేదు.

అరవైల మొదట్లో నేను మద్రాసులో చదువు ముగించుకుని వచ్చి, సూళ్లూరుపేటలో చిన్న ఐసు ఫ్యాక్టరీ పెట్టాను. మా సొంతూరు సంగం దగ్గర మా నాన్న తన పొలంలో సగం అమ్మి నా చేతిలో పెట్టాడు. పులికాట్ సరస్సులో పట్టిన రొయ్యల్ని ఐసులో పెట్టి రైల్లో పంపితే మద్రాసుకు తాజాగా చేరతాయన్నది నా ఆలోచన. ఆలోచన బాగానే ఉంది, ఐసూ బాగానే గడ్డకట్టింది, కొనేవాళ్లే లేరు. వ్యాపారం చల్లబడిందని లోకమంతా దిగులుపడుతుంది. నాకు చల్లగా ఉన్నా దిగులే, కరిగినా దిగులే. రొయ్యల కాలం మొదలయ్యేలోగా సరస్సు ఒడ్డు పల్లె నా ఐసు తీసుకోకపోతే, ఫ్యాక్టరీకి తాళం వేసి, మిగిలిన సగం పొలంలో నాన్న ఎదుట నిలబడాలి. అది తలుచుకుంటే ఐసు గదిలో కూడా చెమటలు పట్టేవి.

ఎవరో చెబితే నాయుడుగారి దగ్గరికి వెళ్లాను. ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, మర్నాడే ఎద్దుబండిలో ఆ పల్లెకు తీసుకుపోయారు. పెద్దకాపు, అంటే ఆ పల్లె పెద్ద, ఆయన అరుగుమీద కూర్చున్నాం. నాయుడుగారు పెద్దకాపు పంటినొప్పి గురించి అడిగారు. ఎవరి కోడలో పురిటికి పోయిందంటే ఎప్పుడొస్తుందని అడిగారు. ఎండుచేపల మీద కాకులు వాలుతుంటే వాటినీ పలకరించారు. పొద్దు వాలాక లేచి బండెక్కారు.

“నాయుడుగారా, ఐసు మాటే ఎత్తలేదే మీరు?”

“ఎత్తితే బరువబ్బయ్యా. నువ్వు మానకుండా కనపడతా ఉండు. ఇంకోతూరి చూద్దాంలే.”

ఇంకోతూరీ అంతే. ఆ పై వారం నేను తయారై కొట్టు ముందు నిలబడితే, “ఈ తూరి నువ్వు రావద్దు” అన్నారు.

“మానకుండా కనపడాలన్నారు గదా?”

“అన్నా. కనపడకుండా పోతే అడుగుతారో లేదో చూడొద్దా?”

నాకు మతి పోయింది. మద్రాసులో నేను చదివిన చదువులో, కనపడకుండా సరుకు అమ్మే పద్ధతి ఎక్కడా లేదు. ఇక ఈయన్ని నమ్ముకుంటే నేనూ నా ఐసూ కలిసి కరిగిపోతామని, ఒకరోజు ఆయనకు చెప్పకుండా నేనే పల్లెకు వెళ్లాను. అందరికంటే ఎక్కువ రొయ్యలు తెచ్చేవాడు పోలయ్య అని విని, తిన్నగా అతని పడవ దగ్గరికే నడిచాను.

“నీ ఐసు నాకు ముందు, నా రొయ్యలు నీకు ముందు. అంతేనా సామీ?” అన్నాడు పోలయ్య.

“అంతే పోలయ్యన్నా” అన్నాను. ఇంత సులువైన పనికి నాయుడుగారు ఇన్ని పళ్లనొప్పులు ఎందుకు అడిగారో అర్థం కాలేదు.

మర్నాడు ఊకతో కప్పిన ఐసు గడ్డలు బండి నిండా తీసుకుపోయి ఒడ్డున నిలబడ్డాను. పడవలు వచ్చాయి. ఒక్కరూ నావైపు రాలేదు. పోలయ్య తలొంచుకుని పక్కనుంచి వెళ్లిపోయాడు. బండి కిందనుంచి నీళ్లు కారుతుంటే ఒకావిడ గంప నడుముకెత్తుకుని ఆగింది.

“ఏంది సామీ, నీళ్లు అమ్మను వచ్చినావా? మాకు ఆ పక్కన సరస్సే ఉండాదే!”

ఒడ్డంతా నవ్వింది. నేను కూడా నవ్వాను, ఎందుకో తెలియకపోయినా.

విషయం తర్వాత తెలిసింది. సరస్సులో మంచి చోట్లు కొన్నే. ఏ రోజు ఎవరు అక్కడ వల వెయ్యాలో ఊరంతా కూర్చుని వంతులు వేసుకుంటారు. ఆ ఏర్పాటును వాళ్లు పాడు అంటారు. బలమున్నవాడైనా, వల పెద్దదైనా వంతు దాటకూడదు. నేనేమో ఊరికి కొత్తగా వచ్చిన వసతిని వంతు లేకుండా ఒక్కడికి ముందు ఇస్తానన్నాను. పాడు తెలియక పనంతా పాడుచేసుకున్నాను.

పెద్దకాపు అరుగుమీద పంచాయితీ పెట్టారు. నాయుడుగారు వస్తున్నారని తెలిసి ప్రాణం లేచొచ్చింది. ఆయన వచ్చారు. నా పక్కన ఖాళీ ఉన్నా కూర్చోలేదు. అవతలికి పోయి, పల్లెవాళ్ల మధ్యలో, సరిగ్గా నాకెదురుగా కూర్చున్నారు.

“ఈ అబ్బయ్య చేసినాడే, అది తప్పు” అన్నారు మొదటి మాటగా. “తెలివుంది. తెలవడమే లేదు.”

“మీరు తెచ్చిన మనిషే గదా నాయుడుగారా?” అన్నాడు పెద్దకాపు.

“నేనే తెచ్చినా. అందుకే ఈడ కూచున్నా.”

ఆ తర్వాత అంతా నామీదే వదిలేశారు. వాళ్లు అడిగినవాటికి నేనే తడబడుతూ బదులు చెప్పుకున్నాను. చివరికి పెద్దకాపు నావైపు తిరిగి, “మీ ఐసు కూడా పాడులో ఏస్తాం. ఆ పొద్దు ఎవరి వంతో వాళ్లకే ముందు. పోలయ్య అయినా సరే, నేనైనా సరే. ఒప్పుకుంటారా?” అన్నాడు. ఒప్పుకున్నాను. నాతో కలిసి పోలయ్య కూడా తలూపాడు. అతని ముఖంలో కోపం కాదు, ఏదో బరువు దిగిన తేలిక కనిపించింది. రొయ్యల కాలానికి నా బండి ఆ ఒడ్డున ఖాళీ కావడం మొదలైంది. నాన్న మిగిలిన సగం పొలాన్ని నిశ్చింతగా దున్నుకున్నాడు.

ఆ పంచాయితీ రోజున తిరుగు బండిలో మాత్రం నేను ఉండబట్టలేక అడిగాను. “మీరు నా పక్షమా, వాళ్ల పక్షమా?”

“నా దారం కొనేది వాళ్లు గదా అబ్బయ్యా” అని నవ్వి, ఎద్దుల్ని అదిలించారు.

ఆ జవాబు నన్ను ఇన్నేళ్లూ వదల్లేదు. తన బేరం కాపాడుకోవడానికే అటు కూర్చున్నారా? అటు కూర్చోవడం వల్లనే వాళ్లు నా మాట విన్నారా? ఒక్కోరోజు ఒక్కోటి నిజమనిపిస్తుంది. రెండూ ఒకేసారి నిజం కావచ్చని ఈ మధ్యే అనుమానం వచ్చింది. అడుగుదామంటే ఆయన పోయి చాలా కాలమైంది.

మొన్న ఒక కుర్రవాడు కొత్తగా కోళ్లదాణా వ్యాపారం పెట్టి, రైతులకు పరిచయం చెయ్యమని వచ్చాడు. తీసుకెళ్లాను. అక్కడ మాటామాటా పెరిగింది. నా కాళ్లు వాటంతటవే నన్ను అవతలి మంచం మీదికి, రైతుల పక్కకు తీసుకెళ్లాయి. ఆ కుర్రవాడు నన్ను చూసిన చూపు నాకు బాగా తెలుసు. కారులో తిరిగొస్తూ, “మీరు ఎవరి తరఫున వచ్చారు సార్?” అని అడిగాడు.

జవాబు చెబుదామని నోరు తెరిచి, దారి చూసి నడపమన్నాను.